హాప్స్ పరిమళానికి ఆక్సిజన్ ముప్పు: ఇంటి బీరు తయారీలో డ్రై హాపింగ్ మెలకువలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన యాకిమా లోయలో ఏటా ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు నెలాఖరు వరకు హాప్స్ కోత సాగుతుంది. పందిళ్ల మీదికి ఐదారు మీటర్ల ఎత్తుకు పాకిన తీగలను కోసి, యంత్రాల సాయంతో శంకువులను వేరు చేస్తారు. ఆ సమయంలో శంకువులో తేమ 75 నుంచి 80 శాతం వరకు ఉంటుంది. దానిని కొన్ని గంటలలోనే 8 నుంచి 10 శాతానికి దించాలి. వేడి మించితే సుగంధ తైలాలు ఆవిరైపోతాయి, తేమ మిగిలితే బేళ్లలో కాక పుట్టి సరుకు చెడుతుంది. ఆరిన శంకువులను చల్లార్చి, సుమారు 90 కిలోల బేళ్లుగా కట్టి, శీతల గిడ్డంగులకు తరలిస్తారు. తరువాత పొడిగా నలిపి గుళికలుగా ఒత్తి, గాలి తీసివేసిన లేదా నైట్రోజన్ నింపిన అల్యూమినియం పొరల సంచులలో మూసివేస్తారు. ఈ జాగ్రత్తలలో అత్యధిక భాగం ఒక్క ఆక్సిజన్‌ను దూరంగా ఉంచడానికే.

ఇంత శ్రమతో కాపాడిన పరిమళం కిణ్వపాత్ర మూత తీసి గుళికలు వేసే ఆ ఒక్క నిమిషంలో దెబ్బతినవచ్చు. పంటకోత అనంతర నష్టాలను గురించి మాట్లాడేటప్పుడు పొలం, కళ్లం, గిడ్డంగి, రవాణా వరకే చూసి ఆగిపోవడం వ్యవసాయ విద్యలో పాత అలవాటు. హాప్స్ విషయంలో అసలు నష్టం వినియోగదారుని వంటింట్లో జరుగుతుంది. గుంటూరు శీతల గిడ్డంగిలో రంగు చెడకుండా కాపాడిన మిరపకాయలను కారం పట్టించి, మూతలేని డబ్బాలో కిటికీ పక్కన పెట్టిన చందమే ఇది.

డ్రై హాపింగ్ అంటే

హాప్స్‌ను మాల్టు కషాయంలో వేసి మరిగిస్తే వాటిలోని ఆల్ఫా ఆమ్లాలు రూపాంతరం చెంది బీరుకు చేదునిస్తాయి. కానీ ఆ మరుగులో మిర్సీన్, లినలూల్ వంటి పరిమళ ద్రవ్యాలు ఆవిరితో పాటు ఎగిరిపోతాయి. అందువల్ల చేదు కోసం కాక వాసన కోసం మరికొన్ని హాప్స్‌ను చల్లని బీరులో, కిణ్వనం ముగిసే దశలో గాని ముగిసిన తరువాత గాని వేసి నానబెట్టడమే డ్రై హాపింగ్. ‘డ్రై’ అన్న మాట చూసి తడి తగలని ప్రక్రియ అనుకోరాదు. మరిగించకుండా ఎండు హాప్స్‌ను నేరుగా వేయడమే ఆ పేరులోని భావం.

ఇది కొత్త పద్ధతి కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి మద్రాసు, కలకత్తా రేవులకు ఓడలలో వచ్చిన పేల్ ఏల్ పీపాలలో గుప్పెళ్లకొద్దీ హాప్స్ వేసి బిగించేవారు. 1893లో హోరేస్ బ్రౌన్, హారిస్ మోరిస్ అనే ఇద్దరు ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞులు ఇలా వేసిన హాప్స్ వల్ల పీపాలో మళ్లీ కిణ్వనం మొదలవుతుందని గమనించి, హాప్స్‌లో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము ఉందని తేల్చారు. ఆ పరిశీలన చాలాకాలం మరుగున పడి, మళ్లీ ఇటీవలి సంవత్సరాలలోనే ప్రాధాన్యం సంతరించుకున్నది.

అమెరికాలో ఇంట్లో బీరు తయారు చేసుకోవడానికి సమాఖ్య చట్టం ప్రకారం అనుమతి లభించింది 1978లో. పెద్దలు ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు పరిమితి. రాష్ట్రాలలో చివరగా అలబామా, మిసిసిపీ 2013లో అనుమతించాయి. అంతకుముందే, 1972లో, ఆరెగాన్ రాష్ట్రంలోని కోర్వాలిస్ పరిశోధన కేంద్రం నుంచి ‘కాస్కేడ్’ రకం విడుదలైంది. నిమ్మజాతి పండ్ల వాసన గల ఆ రకం, తరువాత వచ్చిన ‘సిమ్కో’, ‘సిట్రా’, ‘మొజాయిక్’ రకాలు డ్రై హాపింగ్‌ను ఇంటింటి అలవాటుగా మార్చాయి. మన దేశంలో హాప్స్ సాగు హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ వంటి శీతల ప్రాంతాలకే పరిమితం. తెలుగు రాష్ట్రాలలో అనుమతి లేకుండా మద్యం తయారీ ఎక్సైజు చట్టం ప్రకారం నేరం కనుక, ఇక్కడి పాఠకులకు ఈ విషయం ప్రధానంగా కోత అనంతర శాస్త్రానికి, ఆహార రసాయన శాస్త్రానికి సంబంధించిన పాఠమే.

ఒకే వాయువు, రెండు పాత్రలు

కిణ్వనం మొదలయ్యేటప్పుడు ఆక్సిజన్ మిత్రుడు. ఈస్టు తన కణత్వచానికి అవసరమైన స్టెరాల్‌లు, అసంతృప్త కొవ్వు ఆమ్లాలు తయారు చేసుకోవడానికి లీటరు కషాయంలో 8 నుంచి 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. అందుకే చల్లార్చిన కషాయాన్ని చిలికి గాలి పట్టిస్తారు. కిణ్వనం పూర్తయిన తరువాత అదే వాయువు శత్రువు. పేరున్న బీరు కర్మాగారాలు సీసాలో లేదా డబ్బాలో చేరే మొత్తం ఆక్సిజన్ లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకుండా చూసుకుంటాయి. మొదట అవసరమైన దానిలో ఇది సుమారు రెండు వందల వంతు మాత్రమే. రెండు దశలకూ మధ్య ఉన్న ఈ తేడాను గ్రహించకపోవడమే ప్రారంభకుల పొరపాట్లలో అధిక భాగానికి మూలం.

కల్లు పులియడంతో దీనిని పోల్చి చూస్తారు కాని, ఆ పోలిక పూర్తిగా సరిపోదు. తెల్లవారుజామున దించిన కల్లు పొద్దెక్కేసరికి పుల్లబడటంలో లాక్టిక్, ఎసిటిక్ ఆమ్ల బ్యాక్టీరియాల పాత్ర ఉంది. అది జీవక్రియ. శుభ్రంగా తయారైన బీరులో ఆక్సీకరణం ప్రధానంగా రసాయనిక చర్య. పాత్ర ఎంత శుభ్రంగా కడిగినా ఆగదు. తవుడులో నూనె కంపు పట్టడం దీనికి ఇంకొంత దగ్గరి ఉదాహరణ.

గాలిలోని ఆక్సిజన్ అణువు తనంతట తాను బీరులోని పదార్థాలతో త్వరగా చర్య జరపదు. ఇనుము, రాగి, మాంగనీస్ వంటి లోహ అయాన్లు దానికి ఎలక్ట్రాన్లను అందించి, సూపర్ ఆక్సైడ్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, చివరకు హైడ్రాక్సిల్ రాడికల్‌గా మారుస్తాయి. ఈ చివరిది ఎదురైన ప్రతి అణువునూ తాకుతుంది. బీరులో అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఆల్కహాలు కనుక, అది ఎసిటాల్డిహైడ్‌గా మారే మార్గం తెరుచుకుంటుంది. తడిసిన అట్టపెట్టె వాసనకు కారణమైన ట్రాన్స్-2-నోనెనాల్‌ను లీటరుకు 0.1 మైక్రోగ్రాము ఉన్నా నాలుక పసిగడుతుంది. అమైనో ఆమ్లాల నుంచి పుట్టే మెథియొనాల్ ఉడికిన బంగాళాదుంప వాసననిస్తుంది. పాలిఫినాల్‌లు ఒకదానితో ఒకటి కలిసి రంగును ముదురు చేస్తాయి.

డ్రై హాపింగ్ చేసిన బీరుకు ఈ బెడద రెట్టింపు. మొదటి కారణం, కాపాడవలసిన పరిమళమే అందులో ఎక్కువ. మామిడి, నారింజ వాసనలు తగ్గి తేనె, పాత కాగితం వాసనలు పైకి వస్తాయి. రెండవది, హాప్స్ తమతో పాటు పాలిఫినాల్‌లను, లోహాలను మోసుకొస్తాయి. మరిగేటప్పుడు వేసిన హాప్స్‌లోని లోహాలలో చాలా భాగం మడ్డితో, ఈస్టుతో బయటికి పోతుంది. చివర వేసిన వాటికి ఆ అవకాశం తక్కువ. ముఖ్యంగా మాంగనీస్ హాప్స్ నుంచి బీరులోకి సులభంగా దిగుతుందని కాలిఫోర్నియాలో పోర్టర్, బామ్‌ఫోర్త్ 2016లో ప్రచురించిన అధ్యయనం చూపింది. 2018లో విడిగా గుర్తింపు పొందిన ‘న్యూ ఇంగ్లండ్’ తరహా మబ్బు బీరు లేత పసుపు నుంచి కొద్ది రోజులలో బూడిద, ఊదా కలిసిన గోధుమ రంగుకు మారడం వెనుక ఇవన్నీ ఉన్నాయి.

ఇక్కడ సస్యశాస్త్ర విద్యార్థులు ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. నేల ఉదజని సూచిక తగ్గిన కొద్దీ మాంగనీస్ లభ్యత పెరుగుతుంది, మొక్క దానిని అధికంగా గ్రహిస్తుంది. హాప్స్‌లో బూజు తెగులు నివారణకు రాగి సంబంధిత శిలీంధ్రనాశినులను పిచికారీ చేస్తారు. అంటే నేల ఆమ్లత్వ సవరణ, చివరి పిచికారీకి కోతకు మధ్య వ్యవధి అనే రెండు సాగు నిర్ణయాలు, వేల మైళ్ల దూరంలో ఒక బీరు ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి. హాప్స్ నాణ్యతను ఆల్ఫా ఆమ్లాల శాతంతోనే కొలిచే పాత పద్ధతికి ఇది చాలదు.

గాలి లెక్క

ఇంటి తయారీదారులకు సలహాలు చెప్పేవారు ‘గాలి తగలనీయవద్దు’ అనడంతో సరిపెడతారు. ఎంత గాలి ఎంత హాని చేస్తుందో అంకెలతో చెబితే తప్ప ఆ మాట మనసుకు పట్టదు.

సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఒక లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 20 లీటర్ల బీరు ఉన్న పాత్రలో పైభాగాన ఒక లీటరు గాలి చేరి, దానిలోని ఆక్సిజన్‌లో నూటికి ఒక వంతు మాత్రమే బీరులో కరిగినా లీటరుకు 140 మైక్రోగ్రాములవుతుంది. కర్మాగారాలు పెట్టుకున్న పరిమితికి ఇది దాదాపు మూడు రెట్లు. గుళికలలోనూ గాలి దాగి ఉంటుంది. నూరు గ్రాముల గుళికల సందులలో నూరు మిల్లీలీటర్ల గాలి ఉన్నదనుకుంటే, అందులో 28 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉన్నట్లే. అదంతా కరిగితే లీటరు బీరుకు 1,400 మైక్రోగ్రాములు. అందులో చాలా భాగం బుడగలతో పైకి పోతుందన్నది నిజమే. కాని పైకి పోయినది మూసిన పాత్రలోనే ఉంటుంది.

కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది కనుక బీరు మీద దుప్పటిలా పరుచుకుని కాపాడుతుందన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది. అది సగం నిజమే కావడం వల్ల మరింత ప్రమాదకరం. నిశ్చలంగా ఉన్నంతసేపు ఆ పొర కొద్దిసేపు నిలుస్తుంది. మూత తీసిన క్షణంలోనే వాయువులు కదిలి కలగలిసిపోతాయి. ఒకసారి కలిసిన వాయువులు బరువును బట్టి మళ్లీ విడిపోవు. అలా విడిపోయేవే అయితే ఈ లోకంలో నేలను అంటిపెట్టుకుని కార్బన్ డయాక్సైడ్ పొర ఒకటి ఉండేది, మనుషులు నిచ్చెనలెక్కి ఊపిరి తీసుకోవలసి వచ్చేది.

అన్నిటికంటే ఎక్కువమంది గమనించని దారి చల్లబరిచే సమయంలో తెరుచుకుంటుంది. హాప్స్ మడ్డి అడుగుకు దిగడానికి పాత్రను 20 డిగ్రీల నుంచి 2 డిగ్రీల సెల్సియస్‌కు దించుతారు. పైన ఐదు లీటర్ల ఖాళీ ఉంటే, అందులోని వాయువు సుమారు 6 శాతం కుంచించుకుపోయి, నీటి ఎయిర్‌లాక్ గుండా 0.3 లీటరు గాలిని లోపలికి లాగుతుంది. అందులోని ఆక్సిజన్ 84 మిల్లీగ్రాములు. 20 లీటర్లకు పంచితే లీటరుకు 4 మిల్లీగ్రాములకు పైనే. చల్లబడిన బీరు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా ఎక్కువగా కరిగించుకుంటుంది కనుక అసలు లాగుడు ఇంకా అధికం. ఎంతో జాగ్రత్తగా హాప్స్ వేసిన వ్యక్తి కూడా ఆ రాత్రి నిద్రపోతుండగా ఈ నష్టానికి గురవుతాడు. చల్లబరిచే ముందు ఎయిర్‌లాక్ స్థానంలో కార్బన్ డయాక్సైడ్ నింపిన సంచిని బిగించడం దీనికి తేలిక ఉపాయం. పీడనాన్ని తట్టుకునే ఉక్కు పాత్ర అయితే స్వల్ప పీడనంతో వాయువు అందించవచ్చు. గాజు జాడీకి, ప్లాస్టిక్ బకెట్‌కు పీడనం పెట్టడం ప్రాణాంతకం.

ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి

పరికరాలేవీ లేని ఇంటి తయారీదారుకు అందుబాటులో ఉన్న ఉత్తమ రక్షణ ఈస్టే. కిణ్వనం పూర్తిగా ఆగకముందు, సాంద్రత చివరి విలువకు మరో రెండు మూడు పాయింట్లు ఉండగా హాప్స్ వేస్తే, లోపలికి వచ్చిన ఆక్సిజన్‌ను చురుకుగా ఉన్న ఈస్టు కొద్ది గంటలలో వాడుకుంటుంది. పుట్టే వాయువు పైనున్న గాలిని వెళ్లగొడుతుంది. జెరానియాల్‌ను సిట్రొనెల్లాల్‌గా మార్చడం వంటి పరిమళ మార్పులు కూడా జరుగుతాయి. దీనికి మూల్యం ఉంది. వెలువడే వాయువుతో కొంత పరిమళం పోతుంది, ఈస్టు కణాలకు అంటుకుని మరికొంత అడుగుకు చేరుతుంది. పరిమళంలో కొంత కోల్పోయి నిలకడను సంపాదించడం ఇంటి తయారీలో లాభసాటి బేరమే. పూర్తిగా చల్లబడి, ఈస్టు తేరిన బీరులో మూత తీసి హాప్స్ వేయమనే సలహా మాత్రం మూసిన వ్యవస్థలున్న కర్మాగారాలకే తగినది. దానిని బకెట్ వాడేవారికి యథాతథంగా చెప్పడం, బిందు సేద్యపు ఎరువుల పట్టికను వర్షాధార రైతు చేతిలో పెట్టడం వంటిది.

కెగ్ ఉన్నవారికి మరింత మంచి మార్గం ఉంది. గుళికలను ముందుగానే ఖాళీ కెగ్‌లో వేసి, గాలిని తొలగించి, బీరును మూసిన గొట్టం ద్వారా అడుగు నుంచి నింపాలి. గాలిని తొలగించడంలో లెక్క తెలిసి ఉండాలి. కెగ్‌ను 2 బార్ గేజి పీడనానికి నింపి వదిలితే, లోపలి ఆక్సిజన్ మూడో వంతుకు తగ్గుతుంది. ఒకసారి చేస్తే 21 శాతం 7 అవుతుంది, అంతే. ఆరుసార్లు చేస్తే 0.03 శాతానికి చేరుతుంది. ఒక్కసారి వాయువు వదిలి పని అయిందనుకునేవారే ఎక్కువ. హాప్స్ లేని కెగ్ అయితే శుద్ధి ద్రావణంతో అంచు వరకు నింపి, దానిని కార్బన్ డయాక్సైడ్‌తో బయటికి నెట్టడం మేలు.

ఖర్చులేని వాయువు కిణ్వపాత్రలోనే పుడుతుంది. 12 డిగ్రీల ప్లేటో గల 20 లీటర్ల కషాయం పులిసేటప్పుడు సుమారు 400 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కిణ్వపాత్ర నుంచి వచ్చే గొట్టాన్ని కెగ్‌కు, కెగ్ నుంచి మరో గొట్టాన్ని నీటి పాత్రకు కలిపితే, 20 లీటర్ల కెగ్ గుండా దాని పరిమాణానికి ఇరవై రెట్ల వాయువు ప్రవహిస్తుంది. కొన్ని రోజులు అలా వదిలితే లోపల ఆక్సిజన్ ఆనవాలు మాత్రమే మిగులుతుంది. అయితే హాప్స్‌ను ఆ కెగ్‌లో రోజుల తరబడి వెచ్చగా ఉంచడం మంచిది కాదు; చివరి రోజులలో వేసి, మిగిలిన వాయువుతో గాలి తొలగించుకోవాలి. గొట్టాల ఎంపికలో సిలికాన్‌ను పక్కన పెట్టాలి, దాని గోడల గుండా ఆక్సిజన్ సులభంగా చొరబడుతుంది.

మోతాదు గురించి కోర్వాలిస్‌లోని ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో లాఫాంటెయిన్, షెల్‌హామర్ కాస్కేడ్ రకంతో జరిపి 2018లో ప్రకటించిన ప్రయోగాలు కళ్లు తెరిపించేవి. లీటరుకు 8 గ్రాములు దాటిన తరువాత నిమ్మ వాసన అదే నిష్పత్తిలో పెరగదు, ఆకు, టీ వాసనలు ముందుకొస్తాయి. 4 నుంచి 8 గ్రాముల మధ్య మోతాదు సమంజసమని వారు తేల్చారు. ఎరువుల ప్రతిస్పందన రేఖను చూసిన వారికి ఈ క్షీణ ప్రతిఫలాల తీరు కొత్తేమీ కాదు. గుళికల నుంచి పరిమళం చాలావరకు ఒక రోజులోనే దిగుతుంది. వారం పది రోజులు నానబెట్టే పాత అలవాటు వల్ల పాలిఫినాల్‌లు, లోహాలు దిగడమే మిగులుతుంది.

సీసాలలో నింపేవారికి ఒక అనుకూలత, ఒక ప్రమాదం రెండూ ఉన్నాయి. చక్కెర వేసి సీసాలోనే మళ్లీ పులియనిస్తే ఈస్టు కొంత ఆక్సిజన్‌ను హరిస్తుంది. కానీ బ్రౌన్, మోరిస్ నాడు గుర్తించిన ఎంజైములు బీరులో మిగిలిన డెక్స్ట్రిన్‌లను చక్కెరలుగా విడగొట్టి అనుకోని కిణ్వనాన్ని రేపుతాయి. కోర్వాలిస్‌లోనే కర్క్‌ప్యాట్రిక్, షెల్‌హామర్ దీనిని కాస్కేడ్ హాప్స్‌లో నిరూపించారు. హాప్స్ వేసిన తరువాత సాంద్రత వరుసగా కొన్ని రోజులు మారకుండా నిలిచిందని రూఢి చేసుకోకుండా సీసా మూత బిగిస్తే అది పగిలే అవకాశం ఉంది. గాజు ముక్కలు కంటికి తగిలిన తరువాత పరిమళం గురించి చర్చ ఉండదు. ఈ మలి కిణ్వనంలో వెన్న వాసననిచ్చే డైఎసిటైల్ కూడా పుట్టవచ్చు. ఈస్టుకు దానిని తిరిగి గ్రహించే వ్యవధి ఇవ్వాలి.

ఆక్సీకరణ నిరోధకాలలో లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ కొందరు వాడతారు. ఆస్తమా ఉన్నవారిలో కొందరికి సల్ఫైట్లు పడవు కనుక తాగేవారికి ఆ విషయం చెప్పడం తప్పనిసరి. ఆస్కార్బిక్ ఆమ్లం ఒక్కదానినే వేయడం అనుకున్నంత క్షేమం కాదు. లోహ అయాన్లను మళ్లీ చురుకైన స్థితికి తెచ్చి, అది కొన్ని సందర్భాలలో ఆక్సీకరణాన్నే పెంచుతుంది.

విప్పిన సంచి

హాప్స్ బీరులో పడకముందే ఆక్సీకరణం చెంది ఉంటే పై జాగ్రత్తలన్నీ వృథా. ప్రయోగశాలలో హాప్స్ నిల్వ సూచికను 275, 325 నానోమీటర్ల వద్ద కాంతి శోషణల నిష్పత్తిగా కొలుస్తారు. తాజా సరుకులో అది 0.3 కంటే తక్కువగా ఉంటుంది, పాతబడిన కొద్దీ పెరుగుతుంది. ఇంట్లో ముక్కే పరికరం. పాత చీజ్ వాసన వస్తే ఐసోవలెరిక్ ఆమ్లం పుట్టినట్లే, ఆ సంచి పారవేయడం ఉత్తమం. మిగిలిన గుళికలను గాలి తీసిన సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంచాలి. ఒక తయారీకి సరిపడే చిన్న సంచులు కొనడం పెద్ద సంచిలో ఆదా కంటే చవక అవుతుంది.

ఈ మాటలను విద్యార్థులకు, శిక్షణార్థులకు నమ్మకం కలిగేలా చూపడానికి జంట మడుల ప్రదర్శన పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. అనుమతి గల చోట ఒకే బీరును రెండు భాగాలుగా చేసి, ఒకదానికి మూత తీసి, మరొకదానికి మూసిన పద్ధతిలో ఒకే సంచిలోని హాప్స్ వేయాలి. రెండింటినీ 30 డిగ్రీల వద్ద వారం రోజులు ఉంచి, మూడు గ్లాసులలో రెండు ఒకటే, ఒకటి వేరు అనే త్రికోణ పరీక్ష పెట్టాలి. రంగును ముందుగా దాచాలి. లేకపోతే నాలుకకు ముందు కన్నే తీర్పు చెబుతుంది. పరీక్ష తరువాత గ్లాసులను పక్కపక్కన వెలుతురులో పెట్టి రంగు నమోదు చేసుకోవచ్చు. అదే బీరు కొన్ని సీసాలను 4 డిగ్రీల వద్ద ఉంచి నెల తరువాత మళ్లీ పరీక్షిస్తే, ఉష్ణోగ్రత ప్రభావం కూడా విడిగా తెలుస్తుంది. పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఈ చర్యల వేగం రెండు మూడు రెట్లు పెరుగుతుంది కనుక, గది ఉష్ణోగ్రతలో వారం నిలవని బీరు ఫ్రిజ్‌లో నెలకు పైగా నిలవవచ్చు.